లారీ ట్యూబుల తెప్ప

ముందే చెబుతున్నాను, నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. ఒత్తులు ఉండాల్సిన చోట ఉండవు, అక్కర్లేని చోట ఉంటాయి, చదివేవాళ్లు సర్దుకుని చదువుకోండి. రాయడమూ నెమ్మదే. కానీ ఇందులో ఉన్నది వరదలో పరుగెత్తిన ఒక గంట, కాబట్టి ఎక్కడైనా మాట మీద మాట పడితే ఆ తప్పు నాది కాదు, ఆ నీళ్లది. గంట కూడా నాది కాదు, గాలక్కది. ఆవిడ మనసులో ఏం తిరిగిందో ఆవిడే నాకు చెప్పింది, ఒకసారి కాదు, అడిగినప్పుడల్లా. తిట్లతో సహా చెప్పింది. నేనూ తిట్లతో సహా రాశాను.

గాలక్క కాలు పెట్టగానే తెప్ప జానెడు కిందికి దిగి మళ్లీ పైకి లేచింది, నిద్రపోతున్న మనిషి పొట్టలా. నాలుగు లారీ ట్యూబులు, వాటి మీద పక్కపక్కనే బిగించిన రెండు చెక్క బల్లలు, నిన్నటిదాకా కొట్టు ముందు గిరాకీలు కూర్చుని కాళ్లూపుకున్న బల్లలే. ఒళ్లో చేతి పంపు, చేతిలో షట్టరు లాగే పొడుగాటి కొక్కెం కర్ర, వెనక అపార్టుమెంట్లవాళ్ల బట్టల తాళ్లన్నీ కలిపి పేనిన తాడు, ఆ తాడు కొస పట్టుకుని ఎత్తురోడ్డు మీద సెలూన్ ఆయన, కరెంటు పనాయన, వడ్రంగి. పంక్చర్లు వేసి గాలి కొడుతుంది కాబట్టి వీధంతా ఆవిడని గాలక్కే అంటారు, కన్నతల్లి పెట్టిన పేరు ఆవిడకే ఒక్కోసారి గుర్తు రాదు. "నేను వెళ్తానంటే వినవు కదా గాలక్కా," అన్నాడు వడ్రంగి. "నువ్వెక్కితే వచ్చేటప్పుడు మా వదిన ఎక్కడ కూర్చుంటుంది? మీ ఇద్దరి బరువూ మోయడానికి ఇది లారీ కాదు నాయనా, లారీ ట్యూబు," అంది ఆవిడ, అని కర్రతో రోడ్డుని ఒక్క పోటు పొడిచింది, తెప్ప జారింది, ఆవిడకి నవ్వొచ్చింది. ఇదేం నవ్వు, పల్లపు వీధి పల్లపు వీధే మునిగిపోయి, అక్కడ వదిన ఇంటి గోడ పగిలి, ఇదేం నవ్వు, అని పళ్లు బిగబట్టింది, అయినా కడుపులోంచి లేస్తూనే ఉంది. బతుకంతా చక్రాలకి గాలి కొట్టి పంపడమే తప్ప వాటి వెంట తను ఎక్కడికీ వెళ్లింది లేదు, ఇవాళ తను కొట్టిన గాలి తనని మోస్తోంది.

పొద్దున వదిన ఫోన్ చేసింది. వదినంటే పోయిన భర్తకి సొంత అక్క, పల్లపు వీధి చివర, నది వైపు, ఆవిడ భర్త కట్టించిన పాత మేడలో ఒక్కతే ఉంటుంది. వదిన తనకి ఫోన్ చేయడమే వింత, చేసి ఏమందంటే, "ఏమీ లేదే, గోడ కొంచెం చప్పుడు చేస్తోంది. ఊరికే చెబుదామని." ఊరికే! ఆవిడ ఊరికే తుమ్మదు కూడా. సహాయం చేయవే అనే మాట నోట్లోంచి రాదు, వస్తే నాలుక అరిగిపోతుంది. వడ్రంగి డాబా ఎక్కి చూసి వచ్చి చెప్పాడు, నీళ్ల అంచు నుంచి మేడ కప్పు దాకా చీలిక, చెయ్యి దూరేంత, నీళ్లు కిందినుంచి మట్టి తినేస్తున్నాయి అని. పడవలవాళ్లు పెద్దాసుపత్రి వైపు వెళ్లారు, చీకటి పడేలోగా వస్తామన్నారు. ఆ సంగతి గోడకి ఎవరు చెబుతారు? గోడ ఆగదు. గాలక్క అప్పటికే ట్యూబులు విసిరేస్తోంది కొట్టులోంచి, ఇది వద్దు, దీనికి అతుకు మీద అతుకుంది, ఇది ఉండనీ, ఇది ఉండనీ, అంటూ.

ముందు నాలుగు రోడ్ల కూడలి. నది నీళ్లు పెద్ద వీధి పట్టుకుని అడ్డంగా ఉరుకుతున్నాయి అక్కడ, టీ రంగులో, నురగతో, ఒక ప్లాస్టిక్ కుర్చీ బోర్లా పడి నాలుగు కాళ్లూ పైకెత్తి ఎవరో పిలిచినట్టు పోతోంది, దాని వెనక చెప్పులు, ఎన్ని చెప్పులో, జోళ్లు విడిపోయి. తెప్ప ఆ పరుగులో పడగానే గిర్రున తిరిగింది, "తాడు వదలండి! కొంచెం కొంచెం వదలండి!" అని తనే అరిచింది, ఆ గొంతు తనదేనా అనుకుంది. ట్రాఫిక్ లైటు స్తంభం భుజం ఎత్తులో ఎదురొచ్చింది, ఎర్ర గాజు, పచ్చ గాజు, రోజూ తల పైకెత్తి చూసేదాన్ని ఇవాళ చేత్తో పట్టుకుని తోసింది, లైటుని తోసుకుంటూ రోడ్డు దాటడం, వినడానికే విడ్డూరం, ఇంటికెళ్లి ఆయనకి చెప్పాలి, అనుకుంది, అనుకున్నాక గుర్తొచ్చింది ఆయన లేడని, ఎన్నేళ్లయినా ఇదే, మంచి మాట దొరికినప్పుడల్లా ముందు ఆయనే గుర్తొస్తాడు, తర్వాతే చావు గుర్తొస్తుంది. అంతలో కర్రకి నేల తగిలింది, కూడలి దాటింది, నీళ్లు ఒక్కసారిగా మెత్తబడ్డాయి. పల్లపు వీధి.

రోజూ తిరిగే వీధే, అయినా ఎప్పుడూ చూడని వీధి. మనుషుల బతుకులు కిందినుంచి చూస్తే ఒకలా, మేడమీది కిటికీ ఎత్తున చూస్తే ఒకలా. ఇస్త్రీ దుకాణం బోర్డు మోచేతి కింద ఉంది, దాని మీద ఒక పిల్లి కూర్చుని తెప్పని చూసి, ఎక్కాలా వద్దా అని ఆలోచించి, వద్దనుకుంది. ఒక కిటికీలో గోడ గడియారం నడుస్తోంది, మంచం మీద మంచం, దాని మీద టీవీ, టీవీ మీద ఒక ముసలాయన కాళ్లు. ఎక్కడో నీళ్ల అడుగున ఏదో కారు హారను ఇరుక్కుపోయి ఒకటే మూలుగు. వరండాల్లోంచి జనం, పేర్లు పెట్టి పిలుస్తూ, మా అమ్మాయికి ఫోన్ కలవట్లేదు చెప్పవా అంటూ, మంచినీళ్లు పంపమను అంటూ, అన్నిటికీ సరే సరే అంటూనే ఉంది. టైలరు తన మేడ మీదినుంచి అరిచాడు, "గాలక్కా! నా సైకిలు వెనక చక్రం ఇవాళ ఇస్తానన్నావు!" "ఈత నేర్చుకుంటోంది, తేలగానే ఇస్తాను!" అంది, వీధి వీధంతా నవ్వింది, మునిగిన వీధి నవ్వడం ఆవిడ ఎప్పుడూ వినలేదు, నవ్వు నీళ్ల మీద పడి గోడలకి కొట్టుకుని రెండింతలై వచ్చింది. ఎంత బాగుందో. బాగుందా? ఇళ్లు పోతుంటే బాగుందంటావా, సిగ్గుండక్కర్లా? సిగ్గుంది, బాగా కూడా ఉంది, రెండూ ఉన్నాయి, ఏం చేయను.

అప్పుడు వాన మొదలైంది, పెద్ద పెద్ద చినుకులు, చినుకు పడిన చోటల్లా ఒక బుడగ. గాలక్క కర్ర ఆపేసింది. బుడగంటే ఆవిడకి ఒక్కటే అర్థం, కన్నం. తొట్టిలో ట్యూబు ముంచి తిప్పుతుంటే ఎక్కడ బుడగ లేస్తే అక్కడ వేలు, అక్కడ గీత, అక్కడ ప్యాచ్, ఇన్నేళ్ల పని అదే, ఇవాళ వీధి పొడుగునా, గోడ నుంచి గోడకి, లక్ష బుడగలు, ఎక్కడ వేలు పెట్టను, నదికే పంక్చరు పడింది. బుడగ చూడటం అందరికీ వచ్చు, అనేవాడు ఆయన, చెంప పెట్టు, చెంపకి ముందు తెలుస్తుంది. పెళ్లయిన కొత్తలో, కొట్టులో ఎవరూ లేనప్పుడు, కళ్లు మూసుకో అన్నాడు, ముద్దు పెడతాడనుకుని మూసుకుంది, తడి ట్యూబు తెచ్చి చెంపకి ఆనించాడు, సన్నగా, చీమ ఊదినట్టు గాలి. "తెలిసిందా?" తెలిసింది. కోపం వచ్చింది, నవ్వొచ్చింది, తర్వాత ముద్దు కూడా పెట్టాడనుకోండి, రెండు చెంపలకీ రబ్బరు వాసన. ఇప్పుడు ఈ వాన హోరులో చెంపకి ఏం తెలుస్తుంది, అయినా వంగి ఒక్కో ట్యూబుకీ చెంప ఆనించింది, ముందు రెండూ, వెనక రెండూ, రబ్బరు చల్లగా, గట్టిగా, మంచిది, నా తల్లులు, నా బంగారు తల్లులు. ప్రతి అతుకూ ఆవిడకి తెలుసు, ఇది ఇటుకల లారీది, మేకు దిగింది, ఇది సర్కస్ వాళ్లది, గాజుపెంకు, ఇది ఆయన పోయిన ఏడాది తను ఒంటిగా వేసిన మొదటి అతుకు, మూడుసార్లు ఊడి నాలుగోసారి నిలిచింది.

ఆ ఏడాదే వదిన వచ్చి గుమ్మంలో నిలబడింది, లోపలికి రాకుండా, నూనె మరకలు అంటుకుంటాయని. "కొట్టు అమ్మేయ్. ఆడది రోడ్డు మీద గొంతుక్కూర్చుని టైర్లు విప్పుతుందా? నలుగురూ ఏమనుకుంటారు?" "నలుగురికీ గాలి కావాలి కదా వదినా," అంది తను, అంత మాట ఎలా వచ్చిందో తెలియదు, చేతిలో రాడ్డు ఉంది, అందుకేనేమో. అప్పటినుంచీ వదిన ఎదురుగా వస్తే రోడ్డు దాటి అటు పక్కన నడుస్తుంది, తప్పనిసరై కొట్టుకి వస్తే బల్ల మీద రుమాలు పరుచుకుని కూర్చుంటుంది, తను ఇచ్చిన టీ గ్లాసు అంచు రెండుసార్లు తుడుస్తుంది. గయ్యాళి. పొగరు ముద్ద. కొండంత మనిషికి కొండంత పొగరు. ఆయన మాత్రం అక్క అంటే ప్రాణం పెట్టేవాడు, జ్వరంలో అమ్మని పిలవడు, అక్కా అంటాడు, ఆ చెయ్యి పట్టుకుని నడవడం నేర్చుకున్నాడట. ఆ గయ్యాళి ఇవాళ గోడ కింద పడిపోతే, పడిపోతే ఆయన్ని చిన్నప్పుడు చూసిన కళ్లు ఇంకెక్కడా ఉండవు. అది తోచగానే గాలక్క కర్రతో దబదబా పొడిచింది, నవ్వు పోయింది, కాదు, పోలేదు, రెట్టింపు వేగంతో వేరే ఏదో అయింది, ఒళ్లంతా మోటారులా కొట్టుకుంటోంది.

మేడ కనిపించింది. వడ్రంగి చెయ్యి దూరుతుందన్నాడు, ఇప్పుడు మనిషి దూరుతాడు. చీలికలోంచి లోపలి గది పసుపు గోడ, దాని మీద వంకరగా వేలాడుతున్న అద్దం కనిపిస్తున్నాయి. వదిన వరండాలో నిలబడి ఉంది, తల దువ్వుకుని, చేతిసంచీ భుజాన వేసుకుని, బస్సు కోసం నిలబడినట్టు.

"ఇంతసేపా?" అంది.

"ఎక్కండి వదినా."

"దీని మీదా?"

"దీని మీదే. మీకోసం కారు పంపుదామనుకున్నాను, కారు మునిగిపోయింది."

వదిన తెప్పని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. "మళ్లీ ఆ జిడ్డు బల్లేనా? ఎప్పుడైనా కడిగావా దాన్ని?"

"ఇవాళ కడిగాను, నది మొత్తం పోసి. ఎక్కండి!"

"ఉండు, లోపలి గదికి తాళం వేయలేదు," అని వెనక్కి తిరిగింది ఆ మహాతల్లి, గాలక్క అరిచింది, అరుపు కాదు అది, లారీ హారను, "దొంగ ఈదుకుంటూ వస్తాడా వదినా! కాలు పెట్టండి!" పైనుంచి సున్నం పెళ్ల ఊడి ఇద్దరి మధ్యా నీళ్లలో దబ్బున పడింది. అప్పుడు పెట్టింది కాలు. ఒక కాలు తెప్ప మీద, ఒక కాలు వరండాలో, తెప్ప దూరం జరుగుతోంది, వదిన నిలువునా సాగిపోతోంది, గాలక్క కర్ర కొక్కేన్ని వరండా కమ్మీకి తగిలించి ఒళ్లు బిగబట్టి లాగింది, వదిన వచ్చి బల్ల మీద కూలబడింది, నాలుగు ట్యూబులూ ఒక్కసారి మూలిగాయి, నీళ్లు బల్ల మీదికి ఎక్కి మళ్లీ దిగాయి. రుమాలు పరవలేదు. గాలక్క చూసింది, పరవలేదు.

వెనక్కి తోస్తోంది, తాడు అవతలినుంచి లాగుతున్నారు, వరండాల్లో చప్పట్లు, టైలరు ఈల వేశాడు, వదిన మొహం పక్కకి తిప్పుకుంది, అయినా చెవులు ఎర్రబడ్డాయి. వీధి సగం దాటాక గాలక్కకి తెలిసింది. విన్నది కాదు, చూసింది కాదు, కాలికి తెలిసింది, ఎడమ కాలి కింద బల్ల కొంచెం వాలింది. వెనక ఎడమ ట్యూబు. వదిన కూర్చున్న మూల. వంగి చెంప ఆనించింది, రబ్బరు మెత్తగా ఉంది, రాత్రి మిగిలిన రొట్టెలా. అతుకు ఊడిందా, ఏ అతుకు, ఇటుకల లారీదా, కాదు, అతుకులన్నీ పైనే ఉన్నాయి, పొడిగా, చక్కగా. అయితే వాల్వు. వాల్వు పిన్ను వదులైంది, అది చూడలేదు, అతుకులన్నీ తడిమి చూసి పిన్ను చూడలేదు. పోనీలే, పంపు ఒళ్లోనే ఉంది, నాలుగు దెబ్బలు కొడితే, అనుకుని చెయ్యి చాపి ఆగిపోయింది. వాల్వు ఏది? కొట్టులో గాలి నింపిన ట్యూబుని ఎప్పుడూ వాల్వు కిందికి ఉండేలా పడుకోబెడుతుంది, ఎవరైనా తొక్కితే విరుగుతుందని, ఆయన నేర్పిన పద్ధతి, ఇన్నేళ్లుగా చేతులు వాటంతటవే అలా తిప్పేస్తాయి. పొద్దున నాలుగింటినీ అలాగే తిప్పి, అలాగే బిగించింది. పంపు పైన, వాల్వులు నీళ్ల అడుగున. వడ్రంగి కడితే వంకరటింకర కట్టేవాడు, సెలూన్ ఆయన కడితే తలకిందులు చేసేవాడు, ఏదో ఒకటి పైకి ఉండేది, పనొచ్చిన చేతులు కాబట్టే నాలుగూ కిందికే ఉన్నాయి. ఓరి నా చేతులో! ఎదురుగా కూడలి హోరు వినిపిస్తోంది, కర్ర వదిలితే తెప్ప గిర్రున తిరుగుతుంది, వదలకపోతే ఆ మూల మునిగి వదిన జారిపోతుంది.

"వదినా. బోర్లా పడుకోండి."

"ఏంటే?"

"పడుకుని ఆ ట్యూబు నడుమ బొక్కలోంచి చెయ్యి కిందికి దించండి. ఇత్తడి గొట్టం ఉంటుంది, వేలంత. దాని మూతి మీద బొటనవేలు పెట్టి నొక్కండి."

తిడుతుందనుకుంది. జిడ్డు, మురుగు, ఎవరి మురుగో, టీ గ్లాసు రెండుసార్లు తుడిచే మనిషి. వదిన గాజులు పైకి తోసుకుంది, బోర్లా పడుకుంది, భుజం దాకా చెయ్యి దించింది, చెంప వెళ్లి తడి రబ్బరుకి ఆనింది. "లేదే. ఏమీ లేదు. నాచు తగులుతోంది." "ఇంకొంచెం లోపలికి. గాలి తగులుతుంది చూడండి, నీళ్లలో, చక్కిలిగిలి పెట్టినట్టు." కూడలి వచ్చేస్తోంది, ట్రాఫిక్ లైటు కనిపిస్తోంది, ఎర్ర గాజు ఒక్కటే నీళ్లపైన. "చక్కిలిగిలా? ఏం చక్కిలి..." అని వదిన ఆగింది. అరవై దాటిన మనిషి, వీధంతా భయపడే మనిషి, చిన్నపిల్లలా కిసుక్కున నవ్వింది. "దొరికింది! ఒసేయ్, దొరికిందే! ఊదుతోంది!" "నొక్కండి!" "నొక్కాను!" "వదలకండి!" "నేను వదిలే మనిషినా!"

కూడలి పట్టుకుంది వాళ్లని. పోయేటప్పుడు తెప్ప తేలిక, ఇప్పుడు బరువు, నీళ్లు బల్ల మీదినుంచి పారుతున్నాయి, గాలక్క మోకాళ్ల మీద నిలబడి కర్రతో రోడ్డు అడుగుని వెతుకుతోంది, తగలడం లేదు, తాడు తీగలా బిగిసి బల్లని కోస్తోంది, ఎత్తురోడ్డు మీద అరుపులు, కరెంటు పనాయన నడుము లోతులో దిగిపోయాడు, గాలక్క గొంతులోంచి పాటో తిట్టో తెలియనిది ఏదో వస్తోంది, ఒంట్లో భయం ఎక్కడుందో వెతికితే కనిపించడం లేదు, ఉన్నదల్లా చేతులే, కర్రే, వదిన వీపే. అప్పుడు వెనక చప్పుడైంది. ఒక్కసారి పేలినట్టు కాదు, చాలాసేపు, బరువుగా, ఇటుకల లారీ వెనక తలుపు తీసి వదిలినట్టు. గాలక్క తల తిప్పి చూసింది. పసుపు గోడ లేదు, అద్దం లేదు, వరండా లేదు, అక్కడ దుమ్ము, వానలోనే దుమ్ము.

"ఏంటే అది?" అంది వదిన, తల ఎత్తకుండా.

"వేలు తీయకండి వదినా."

"తీయలేదు. ఇల్లేనా?"

"ఇల్లే."

వదిన తిరిగి చూడాలంటే చెయ్యి పైకి తీయాలి. తీయలేదు. "గాలి ఆగిందా, చూడు," అంది.

అంతలో ఆ ఇల్లు లేపిన అల వచ్చింది, పల్లపు వీధి పొడుగునా గోడల మధ్య పరుగెత్తుకుంటూ, చెప్పుల్నీ కుర్చీల్నీ ముందేసుకుని, వచ్చి తెప్పని కిందినుంచి ఎత్తింది, అంత బరువునీ అరచేతిలోకి తీసుకున్నట్టు ఎత్తి, కూడలి పరుగులోంచి తప్పించి, ఎత్తురోడ్డు వైపు ఒక్క తోపు తోసింది. ఇల్లు వెళ్తూ వెళ్తూ తోసిన తోపు. తాడు వదులైంది, పట్టుకున్నవాళ్లు వెల్లకిలా పడ్డారు, తెప్ప తారు రోడ్డు మీదికి జర్రున పాకి ఆగింది, కింద ట్యూబులు నేలకి రాసుకున్న చప్పుడు గాలక్క పళ్లకి తెలిసింది. అంతే, జనం మీద పడ్డారు, దుప్పట్లు, టీ గ్లాసులు, వడ్రంగి ఏడుస్తున్నాడు, సెలూన్ ఆయన ఎవర్నో తిడుతున్నాడు, గాలక్క కర్ర పక్కన పడేసింది, పొద్దుటినుంచీ బిగబట్టిన నవ్వంతా ఇప్పుడు బయటికొస్తోంది, ఆపుకోవాలని కూడా లేదు.

వదిన మాత్రం లేవలేదు. బోర్లా పడుకునే ఉంది, చెంప రబ్బరుకి ఆనించి, భుజం దాకా చెయ్యి ట్యూబు నడుమ దించి. కరెంటు పనాయన వంగి లేపబోతే మోచేత్తో పొడిచింది.

"వదినా, వచ్చేశాం. రోడ్డు మీదున్నాం," అంది గాలక్క.

"తెలుసు."

"వేలు తీయండి మరి."

"తీస్తే గాలి పోతుందిగా," అంది వదిన.

గాలక్క నవ్వు ఆగిపోయింది. దుప్పటి తెచ్చి వదిన మీద కప్పింది, తనూ తడి బల్ల మీద పక్కన బోర్లా పడుకుంది, ఆ బొక్కలోంచే చెయ్యి దించి, ఇత్తడి గొట్టం మీద చల్లబడి బిగుసుకుపోయిన ఆ బొటనవేలిని తడిమి పట్టుకుంది. "పోతే పోనీండి," అంది చెవిలో. "కొడతాను మళ్లీ."

ఇది రాసింది ఆ వదినే. లావు వదిన అంటే ఎత్తురోడ్డులో ఎవరైనా చెబుతారు. వయసు అరవై నాలుగు. ఇప్పుడు ఉండేది పంక్చరు కొట్టు పైగదిలో, గాలక్కతో.